కొంచెం పైకి కట్టు, రాడిసావ్!

ట్రాక్టరుతో పెద్ద బరువు లాగాలంటే ముందుగా కావలసింది డీజిలు కాదు, గొలుసు కాదు, ఆ మాటకొస్తే ట్రాక్టరు కూడా కాదు. చుట్టూ నిలబడి సలహా చెప్పే జనం!

ఈ మాటకి నవ్వేవాళ్ళు ఉంటారని తెలుసు. "ఆ జనం వల్లే కదండీ ప్రాణాల మీదికొచ్చేది" అని విసుక్కునేవాళ్ళూ ఉంటారు. అలాంటి కృతఘ్నుల కళ్ళు తెరిపించడానికే ఈ వారం కలం పట్టాను.

ముందు నా అర్హతలు మనవి చేసుకుంటాను. మా కొండ మీది బడిలో ముప్ఫై నాలుగేళ్ళు భూగోళం చెప్పి రిటైరయ్యాను. పేరు తిహోమిర్. మా సెర్బియాలో ఆ పేరుకి అర్థం నెమ్మదస్తుడు, నోరెత్తనివాడు అని. పుట్టిన వారానికే పేరు పెట్టేశారు మరి, మా అమ్మానాన్నలకి ఏం తెలుసు పాపం! ఇక ట్రాక్టరంటారా, ఈ జన్మలో ఒక్కసారి కూడా నడపలేదు. అందుకే నా సలహాలో పక్షపాతం ఉండదు. నడిపేవాడికి క్లచ్చు గొడవ, బ్రేకు గొడవ, పైగా ప్రాణభయం. ఇన్ని గోలల మధ్య వాడికి విషయం ఎలా బోధపడుతుంది చెప్పండి?

పోయిన మంగళవారం మా ఊరు గావ్రనోవాత్స్‌లో జరిగింది వింటే మీరే ఒప్పుకుంటారు.

జూలై నెల. రాస్ప్‌బెర్రీ కోతల కాలం. ఈ కాలంలో మా ఊళ్ళో ఎవరి చేతులు చూసినా ఎర్రగా ఉంటాయి, ఎవరి నడుము చూసినా వంగి ఉంటుంది. పొద్దున్నే కోసిన పండు మధ్యాహ్నానికల్లా కోల్డ్ స్టోరేజీ చేరాలి. చేరలేదా, అది పండు కాదు, పానకం. ఆ రోజు స్రెటెన్ అనే డ్రైవరు లారీ వేసుకుని వచ్చి, పదకొండు ఇళ్ళ పంటని మూడు వందల పైచిలుకు ట్రేల్లో ఎక్కించుకుని కొండ దిగాడు. దిగి, వాగు దగ్గర ఆగాడు. ఆగాడంటే, ఆపలేదు. ముందు రాత్రి వాన కురిసి వాగు ఒడ్డు మెత్తబడింది. వెనక చక్రాలు రెండూ ఇరుసు దాకా దిగిపోయాయి.

ఆ వాగు మీద చిన్న వంతెన వేయిస్తామని ప్రతి ఎన్నికలకీ ఒకాయన వచ్చి చెప్పి వెళ్తుంటాడు. వంతెనే ఉంటే ఆ రోజు అంత మందిమి ఒక చోట చేరేవాళ్ళమా? ఊరి ఐకమత్యానికి బురదని మించిన సాధనం ఉందా?

పావుగంటలో పదిహేను మందిమి పోగయ్యాం. ఎండ చురచురలాడుతోంది. లారీ అడుగునుంచి ఎర్రటి చుక్కలు ఒకటొకటిగా రాలడం మొదలైంది. స్రెటెన్ తల పట్టుకుని, "అయ్యా, ఏదో ఒకటి చెయ్యండి, ఇంకో గంటయితే నేను స్టోరేజీకి జామ్ తీసుకెళ్ళాలి" అన్నాడు.

రాడిసావ్ తన ఎర్ర ట్రాక్టరు తెచ్చాడు.

రాడిసావ్ గురించి ఒక మాట చెప్పాలి. వయసు యాభై రెండు. చేతికి పని దొరక్కపోతే జ్వరం వచ్చినవాడిలా తిరుగుతాడు. ఊళ్ళో ఎవరి బండి ఆగిపోయినా, ఎవరి దుంగ కదలకపోయినా పిలవకుండానే వస్తాడు. ఆ ట్రాక్టరు వాళ్ళ నాన్న కొన్నది, అతనికంటే నాలుగేళ్ళే చిన్నది. బండి బోల్తా పడితే నడిపేవాడు నలిగిపోకుండా సీటు పైన ఒక ఇనుప చట్రం ఉంటుందే, అది దీనికీ ఉండేది. ఆల్‌బుఖారా తోటలో కొమ్మలకి తగులుతోందని విప్పేశాడు. ఆ రోజుకి దాని మీద వాళ్ళావిడ మిలుంకా కోళ్ళు నిద్రపోతున్నాయి. మా జిల్లాలో ఇంత భద్రంగా బతుకుతున్న కోళ్ళు ఇంకెక్కడా లేవు!

"ముందు తాడు వేద్దాం" అన్నాడు గ్వోజ్డెన్. ఇతను ఒకప్పుడు నదిలో పడవల మీద పనిచేశాడు. అక్కణ్ణించి తెచ్చుకున్న నైలాను తాడుని ఇరవై ఏళ్ళుగా దాచుకుని, తగిన సందర్భం కోసం ఎదురుచూస్తున్నాడు. "ఇది ఓడల్ని లాగిన తాడు. ఈ డొక్కు లారీ దీనికో లెక్కా?"

తాడు కట్టారు. ట్రాక్టరు కదిలింది. తాడు సాగింది. ఇంకా సాగింది. రబ్బరులా సాగుతున్న ఆ తాడుని చూడ్డానికి మేమంతా దగ్గరికి జరిగాం. దూరం నుంచి చూస్తే ఏం తెలుస్తుంది?

ఠాప్‌మని తెగింది.

చివరనున్న ఇనుప కొక్కెం నాకూ గ్వోజ్డెన్‌కీ మధ్య నుంచి దూసుకుపోయి లారీ పక్క అద్దాన్ని ముక్కలు చేసింది. మా ఇద్దరి మధ్యా ఒక మూరెడు చోటు ఉంది. గాలి నా చెవిని తాకడం నాకు తెలిసింది.

తర్వాత చప్పట్లు!

"చూశారా మరి! అంత బలమైన తాడు కాబట్టే అంత దూరం ఎగిరింది" అన్నాడు గ్వోజ్డెన్ గర్వంగా.

"నా అద్దం..." అన్నాడు స్రెటెన్.

"నీకు అద్దం ఎందుకయ్యా? వెనక మేమంతా ఉన్నాంగా చెప్పడానికి!"

పాఠకులారా, ఇక్కడ గమనించండి. సలహా ఒకటి విఫలమైతే రెండోది సిద్ధంగా ఉండటమే మా ఊరి గొప్పతనం. అప్పటికప్పుడు గొలుసు వచ్చింది. మంచి గట్టి గొలుసు. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ట్రాక్టరుకి ఎక్కడ కట్టాలి?

ట్రాక్టరు వెనక, అడుగున ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. అది లాగడానికి పెట్టిందే. రాడిసావ్ వంగి దాని వైపే గొలుసు పట్టుకెళ్ళాడు. అప్పుడు జనంలోంచి ఒక గొంతు వినిపించింది.

"కొంచెం పైకి కట్టు, రాడిసావ్! పైకి కడితే లారీ పైకి లేస్తుంది!"

ఎంత చక్కటి తర్కం! కిందకి దిగిపోయినదాన్ని పైకి లేపాలంటే పైనుంచే కదా లాగాలి? వెంటనే మరో ఇద్దరు అందుకున్నారు. "అవును, పైకి కట్టు." "ఆ పై హుక్కు ఉందిగా, సీటు వెనక, దానికి తగిలించు." నిమిషంలో అది పదిహేను మంది అభిప్రాయమైంది.

రాడిసావ్ వంగినవాడు వంగినట్టే ఒకసారి మా అందరి వైపూ చూశాడు. ఏదో అనబోయాడు. అనలేదు. గొలుసు తీసుకెళ్ళి సీటు వెనక పై హుక్కుకి తగిలించాడు.

సరిగ్గా అప్పుడే మిలుంకా కాఫీ పళ్ళెంతో గట్టు మీదికి వచ్చింది. మొగుణ్ణి చూసి, "కాఫీ తాగి లాగరాదూ, చల్లారిపోతుంది" అంది.

"ఒక్క నిమిషం. లాగేసి వస్తా" అన్నాడు.

ఎదుట పైకెక్కే ఏటవాలు. గొలుసు బిగిసింది. లారీ కదల్లేదు. ట్రాక్టరు వెనక చక్రాలు నేలని గట్టిగా పట్టుకున్నాయి. "ఇంకొంచెం రేజ్ ఇవ్వు!" అని అరిచారెవరో. రాడిసావ్ ఇంకొంచెం ఇచ్చాడు.

ట్రాక్టరు ముందు చక్రాలు నేల వదిలాయి.

ఒకటిన్నర సెకను పట్టిందో లేదో. మేకు చుట్టూ మేక తాడు తిరిగినట్టు ఆ బండంతా వెనక ఇరుసు చుట్టూ తిరిగి పైకి లేచింది. గుర్రం ముందుకాళ్ళెత్తితే చూస్తామే, అలాగ. రాడిసావ్ వీపు నేల వైపూ, మొహం ఆకాశం వైపూ ఉన్నాయి. అతని నెత్తి మీద అడ్డుగా ఏమీ లేదు. నీలంగా ఆకాశం, దాన్ని మెల్లగా కప్పేస్తూ ఇంజను.

పదిహేను మందిమి, ఎప్పుడూ మాటకి కొదవలేని వాళ్ళం, ఆ ఒక్క క్షణానికి మాత్రం ఎవరి దగ్గరా ఏ సలహా లేకపోయింది.

పళ్ళెం కింద పడిన చప్పుడు వినిపించింది.

తర్వాత రాడిసావే చెప్పాడు. తను ఆలోచించి చేసిందేమీ కాదట. కాలు దానంతటదే క్లచ్చుని నొక్కేసింది. నలభై ఏళ్ళుగా ఆ బండి మీదే ఉన్న కాలు కదా, దానికి తెలుసు. లాగుడు ఆగింది. బండి నిటారుగా గాల్లో నిలబడి, ఎటు పడాలా అని ఒకసారి ఆలోచించుకుని, దబ్బుమని ముందుకే పడింది. పడి ఇంజను ఆగిపోయింది.

వాగు నీళ్ళు పారుతున్న చప్పుడు ఒక్కటే.

మిలుంకా పరుగెత్తుకొచ్చింది. అరవలేదు, ఏడవలేదు. మొగుడి చొక్కా కాలరు పట్టుకుని సీటు మీంచి కిందికి దింపి, గట్టు మీద కూచోబెట్టి, అతని మొహమంతా చేత్తో తడిమి చూసింది. ఆ తర్వాత వీపు మీద ఒక్కటి వేసింది. "లాగేసి వస్తావా? ఎక్కణ్ణించి వస్తావు?"

దొబ్రిలా వచ్చింది ఆ సమయంలోనే. రాడిసావ్ అన్న భార్య ఆవిడ. వాళ్ళాయన పట్నంలో బస్సు నడుపుతాడు, ఇక్కడ పొలమూ ట్రాక్టరూ అన్నీ ఆవిడవే. పై పొలంలో కోతల నుంచి నేరుగా వచ్చింది. ఆవిడ ట్రాక్టరుకి చట్రం ఉంది, సీటు బెల్టు ఉంది, ఆ బెల్టుని ఆవిడ నిజంగా పెట్టుకుంటుంది కూడా! ఈ విషయం మీద మా ఊరి కాఫీ దుకాణంలో ఎన్ని జోకులు పేలాయో లెక్కలేదు.

దొబ్రిలా బండి దిగి, గొలుసు ఎక్కడ తగిలించి ఉందో చూసింది. రాడిసావ్‌ని చూసింది. అతను తల దించుకున్నాడు. ఆవిడ మా వైపు తిరిగింది.

"మాష్టారూ, చేతులు ఖాళీగానే ఉన్నాయా?"

"ఉన్నాయమ్మా" అన్నాను.

"అయితే ట్రేలు దించండి. అందరూ! ముందు బరువు తగ్గాలి."

పాఠకులారా, ఆవిడ చేసిన అన్యాయం అక్కడ మొదలైంది. సలహాదారుల చేత కూలి పని! మూడు వందల పైచిలుకు ట్రేలు చేతులు మార్చుకుంటూ ఆవిడ ట్రాలీలోకి, వాల్‌నట్ చెట్ల నీడలోకి చేర్చాం. గ్వోజ్డెన్ నడుం పట్టుకున్నాడు. నా చొక్కా మీద పండ్ల రసం కారి హత్య చేసినవాడిలా తయారయ్యాను.

తర్వాత పారలిచ్చింది. చక్రాల ముందు బురద తవ్వించి, రాళ్ళూ చెక్కలూ వేయించింది. గొలుసుని ఒక్కో కొండీ చేత్తో తడిమి చూసింది. తన ట్రాక్టరు అడుగు కడ్డీకి, కింద, బాగా కిందకి తగిలించింది. గొలుసు మధ్యలో తడి గోనెసంచులు మడిచి వేసింది.

"ఇదెందుకు?" అన్నాడు గ్వోజ్డెన్.

"తెగితే ఎగరకుండా. ఇందాక ఓ కొక్కెం ఎగిరిందట కదా? నీ బుర్ర దొరకలేదట దానికి, అద్దంతో సరిపెట్టుకుందట."

స్రెటెన్ నవ్వాడు. ఆ రోజు మొదటిసారి.

"ఇప్పుడు మీరంతా కంచె అవతలికి వెళ్ళండి. ఆ పక్కకి, ఆ పియర్ చెట్టు దాటి. సైగ చెయ్యడానికి మిలుంకా ఒక్కతీ చాలు. మిగతా ఎవరి గొంతు వినిపించినా బండి ఆపేస్తాను."

"అంత దూరం నుంచి మాకేం కనపడుతుంది దొబ్రిలా?" అన్నాను.

"ఏమీ కనపడదు మాష్టారూ. ఏమీ జరగదు కూడా."

నిజంగానే ఏమీ జరగలేదు! బెల్టు బిగించుకుంది. ఫస్ట్ గేరులో పెట్టి, గొలుసులో వదులు పోయేదాకా అంగుళం అంగుళం కదిలింది. బిగిశాక ఒకసారి ఆగి వెనక్కి చూసింది. మిలుంకా చెయ్యి ఊపింది. ట్రాక్టరు ఎక్కడా ఆగకుండా, ఆవు మేతకి బయల్దేరినట్టు, నెమ్మదిగా పైకెళ్ళింది. దాని వెనకే లారీ. నలభై సెకన్లు. చప్పట్లు లేవు. దాన్ని ఎవరో ఫోనులో వీడియో తీస్తే స్రెటెన్ ఇంటర్నెట్‌లో ఎక్కడో పెట్టాడట, ఇప్పటికి చూసినవాళ్ళు ఏడుగురు. అదే రాడిసావ్ గాల్లోకి లేచిన వీడియో అయితే జిల్లా అంతా తిరుగుతోంది. ఇప్పుడు చెప్పండి, ఏది గొప్ప?

ట్రేలు మళ్ళీ ఎక్కించాం. లారీ వెళ్ళింది. సగానికి పైగా పండు పండుగానే చేరిందని సాయంత్రం కబురొచ్చింది.

మిలుంకా మళ్ళీ కాఫీ కాచింది. ఈసారి పక్కన రాకియా అనే పండ్ల సారా సీసా కూడా పెట్టింది. రాడిసావ్ గట్టు మీదే కూచుని ఉన్నాడు.

"ఇంతకీ పైకి కట్టమన్నదెవరు?" అంది మిలుంకా.

గ్వోజ్డెన్ వాగు వైపు చూశాడు. ఇంకొకాయన తన బూట్లు చూసుకున్నాడు. "అందరూ అన్నారుగా" అన్నారెవరో. "ముందు ఎవరన్నారు?" అంది ఆవిడ. ఎవరికీ గుర్తులేదు. పదిహేను మంది విన్న మాట, ఒక్కరూ అనలేదు!

సలహాలోని అసలు అందం అదే, పాఠకులారా. గొలుసుకి యజమాని ఉంటాడు, లారీకి ఉంటాడు, విరిగిన అద్దానికి కూడా ఉంటాడు. సలహాకి ఉండడు. ఇంతకంటే తేలికైన వస్తువు లోకంలో ఏముంది?

ఆ గొంతు నాదే.

ఊళ్ళో చెప్పలేకపోయాను. మూడు రోజులు అన్నం సహించలేదు. కళ్ళు మూస్తే ఆ ముందు చక్రాలు గాల్లో తిరుగుతున్నట్టే ఉండేది. శుక్రవారం ఇక ఉండబట్టలేక రాడిసావ్ ఇంటికి వెళ్ళాను. పెరట్లో కోళ్ళు గోల చేస్తున్నాయి. చట్రం కడిగి, బోల్టులు బిగిస్తున్నాడు. అడ్డొచ్చే కొమ్మలు పొద్దున్నే కొట్టేశాడట.

"రాడిసావ్, ఆ రోజు పైకి కట్టమని ముందు అరిచింది..."

"మీరే మాష్టారూ" అన్నాడు తలెత్తకుండానే. "నాలుగో తరగతి నుంచి వింటున్నాను ఆ గొంతు. నాకు తెలీదా?"

"మరి అందరి ముందూ ఎందుకు చెప్పలేదయ్యా?"

రెంచి కింద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు.

"దొబ్రిలా వదిన ముందే ఫోన్ చేసింది. లారీ దిగబడిందని తెలిసి. 'నేను వచ్చేదాకా ఆగు. ఆగలేకపోతే కింద కట్టు, పైన కట్టావో బండి నీ మీదే పడుతుంది' అంది. నాకు తెలుసు మాష్టారూ. గొలుసు కిందే కట్టబోయాను కూడా. మీరంతా చూస్తున్నారు. అంత మంది మగాళ్ళ ముందు వదిన మాట విని కింద కట్టానంటే నవ్వుతారనుకున్నా." మళ్ళీ రెంచి అందుకున్నాడు. "ఈ మాట మిలుంకాకి ఇంకా చెప్పలేదు."

ముప్ఫై నాలుగేళ్ళు పిల్లలకి ఏ కొండ ఎంత ఎత్తో చెప్పినవాణ్ణి. ఒక మంచి మనిషి, నవ్వుతారన్న భయంతో, నవ్వడానికి సిద్ధంగా ఉన్న మా మధ్య చావుకి ఒక్క అడుగు దూరం దాకా వెళ్ళొచ్చాడు. తెలిసినావిడ ఒక్కసారి, నెమ్మదిగా చెప్పింది. తెలియనివాళ్ళం పదిహేను మందిమి గొంతు చించుకున్నాం.

చట్రం బిగించే దాకా అవతలి కొస పట్టుకుని నిలబడ్డాను. ఎటు తిప్పాలో, ఎంత బిగించాలో ఒక్క మాట మాట్లాడలేదు. అతను రెండుసార్లు నా వైపు అనుమానంగా చూశాడు కూడా, ఒంట్లో బాగాలేదేమోనని.

కాబట్టి పాఠకులారా, మీ ఊళ్ళో ఎక్కడైనా బండి దిగబడితే కంచె దాటి ఇవతలికి రాకండి. వచ్చినా నోరు తెరవకండి. ఇది సలహా కాదు, బతిమాలుకుంటున్నాను.